ఆదెమ్మ గిన్నె

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక వీధిలో ఒక స్టీలు గిన్నె, అలిగి పుట్టింటికెళ్లిన కోడలిలా, నెలల తరబడి ఎదురింట్లోనే ఉండిపోయింది. అంచు మీద చుక్కల అక్షరాలతో ‘కె. ఆదెమ్మ’ అని పేరు కొట్టించి ఉంది. ఉన్నది మాత్రం సుగ్రా వంటింట్లో, పొయ్యి పైన అరలో.

ఆ వీధికి ఒక పద్ధతి ఉంది. ఎవరింటి గిన్నె ఎవరింటికి వెళ్లినా ఖాళీగా తిరిగి రాకూడదు. కూర మోసుకెళ్లిన గిన్నె నిమ్మకాయలతో వస్తుంది. ఏమీ లేని ఇల్లయితే అడుగున గుప్పెడు చక్కెరైనా పోసి పంపుతారు. అందుకని అక్కడ మనుషులకంటే గిన్నెలకే తిరుగుడు ఎక్కువ. ఎండాకాలంలో అయితే మరీనూ, ఆవకాయ రుచి చూడాలని పొద్దుటి నుంచీ ఒకటే రాకపోకలు.

సుగ్రా ఆ వీధికి కోడలిగా వచ్చి ముప్పయ్యేళ్లు దాటింది. అక్కడ ముస్లింల ఇల్లు అదొక్కటే. పిల్లలు లేరు. భర్త ముస్తాక్ అహ్మద్ పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. ఆమె వీధి ఆడవాళ్లందరి జాకెట్లూ కుట్టేది. రంజాన్ పండగనాడు ఆయన నమాజు నుంచి వచ్చి, అత్తరు వాసన ఇంకా పోకముందే షీర్ ఖుర్మా గిన్నెలు చేతుల్లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. ప్రతి అరుగు మీదా కూర్చుని కబుర్లు చెప్పి రావద్దూ మరి!

పోయిన వినాయక చవితికి కొద్ది రోజుల ముందు ఆయన గుండె ఆగి పోయాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో ఎదురింటి ఆదెమ్మ పూటపూటా అన్నం పంపింది. చివరిసారి పప్పు పోసి పంపిన గిన్నె ఇదే. సుగ్రా అప్పుడు ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండే ఆచారం అది. గిన్నె ఖాళీగా ఇవ్వడానికి చేతులు రాలేదు, నింపి ఇవ్వడానికి ఓపిక లేదు.

సంక్రాంతికి ముందే ఇద్దత్ తీరింది. సుగ్రా మిషను మీది గుడ్డ తీసి దుమ్ము దులిపింది. ఏటా ఇంటికి రెండు చొప్పున అరిసెలు వచ్చి పడే ఇల్లది. ఆ పండక్కి ఒక్క అరిసె గడప తొక్కలేదు. శివరాత్రి కూడా అలాగే వెళ్లిపోయింది. జాకెట్లివ్వడానికి వచ్చేవాళ్లు సైతం వాకిట్లోనే నిలబడి, గొంతు తగ్గించి, కొలత చెప్పి పోతున్నారు. ‘ఆయన్ను చూసి వచ్చేవాళ్లే గాని నన్ను చూసి కాదు’ అనుకుంది సుగ్రా. ఒంటరితనం చెప్పేవన్నీ చాడీలే, కాకపోతే పక్కనే కూర్చుని నమ్మకంగా చెబుతుంది. ఆమె నమ్మింది. అయినా ఆశ చావక ఆ గిన్నెను రోజూ తోమి అరలో బోర్లించేది. దీన్ని అడగడానికైనా ఎవరో ఒకరు లోపలికి రాకపోతారా అని.

నంద్యాల నుంచి తమ్ముడు మున్నా ఫోన్ చేశాడు.

“ఆపా, ఒక్కదానివే ఆడ ఏం జేస్తావు? ఇంటికి తాళమేసి వచ్చెయ్. మాకాడే ఉందువు.”

“పండగనాడు సాయంత్రం చెప్తాలే.”

పండగనాడు వీధిలోంచి ఒక్కరైనా వచ్చి తన చేతి షీర్ ఖుర్మా తాగితే ఉండిపోవాలి, లేదంటే మిషను మూట గట్టాలి. ఆ మాట తమ్ముడికి చెప్పలేదు, మనసులోనే పెట్టుకుంది.

ఈసారి ఉగాది, రంజాన్ పక్కపక్కనే వచ్చాయి. ఉగాది నాడు ఆఖరి రోజా. ఎండకు వీధంతా తెల్లగా మెరిసిపోతోంది. ఉపవాసంతో తేలికైపోయిన తల చాప మీద ఆనించగానే సుగ్రాకు మగత కమ్మింది. మగతలో వీధిలోని గిన్నెలన్నీ కలలోకి వచ్చాయి. ఇత్తడివి, స్టీలువి, చెవులు ఊడినవి. అన్నీ వాటంతటవే దొర్లుకుంటూ పోతున్నాయి. ఒక్కొక్కటీ తన ఇల్లు చూసుకుని తలుపు తడుతోంది. అత్తరు వాసనేస్తున్న ముస్తాక్ అహ్మద్ వాటి వెనకే నవ్వుకుంటూ నడుస్తున్నాడు. సుగ్రా గడప దగ్గర మాత్రం ఏదీ ఆగలేదు, ఆయన కూడా ఆగలేదు.

మెలకువ వచ్చేసరికి ఎదురింట్లోంచి నెయ్యి, బెల్లం కలిసి కాలుతున్న వాసన. ఆదెమ్మ బొబ్బట్లు! పొద్దు వాలింది. ఖర్జూరం చేతిలో పట్టుకుని సుగ్రా తలుపు వైపే చూస్తూ కూర్చుంది. వాకిట్లో గాజుల చప్పుడైంది. ఎవరో గడప దాకా వచ్చారు. కాసేపు అక్కడే నిలబడ్డారు. తర్వాత గాజులు మెల్లగా దూరమైపోయాయి. అదీ కలేనేమో అనుకుని ఆమె ఖర్జూరం నోట్లో వేసుకుంది. 

మర్నాడు రంజాన్ పండగ రోజు పొద్దున్నే పెద్ద దబరాలోనే పాలు పొంగించింది. ఒక్కదానికి చిన్న గిన్నె చాలు, కానీ చేతులకు ఆ సంగతి తెలియదు. నల్లమల నుంచి తెప్పించి దాచిన సారపప్పు దోసిలితో వేసింది. ఆయనకు అదంటే ప్రాణం. కొత్త చీర కట్టుకుని గడప ముందున్న నల్ల పలకరాయి మెట్టు మీద కూర్చుంది. రాయి నెమ్మదిగా వేడెక్కింది. కళ్లు మూస్తే వాకిలి నిండా జనం, గ్లాసుల గలగల, ఆయన గొంతు. తెరిస్తే ఎండ. మిట్టమధ్యాహ్నం దాకా అలా మూస్తూ తెరుస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు.

‘సరే. ఒకరి గిన్నె ఉంచుకుని ఊరు వదలకూడదు’ అనుకుని లేచింది. ఆదెమ్మ గిన్నె నిండా షీర్ ఖుర్మా పోసి, మూత పెట్టి, వీధి దాటింది.

ఆదెమ్మ మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. “రా సుగ్రా, గిన్నెకేం తొందరొచ్చిందే?” అంటూ మూత తీసి ఉలిక్కిపడింది.

“ఏంది ఇది? తీపి చేసినావా? మీ ఆయన పోయి ఏడు తిరగలా గదే!”

“ఏడాదేందక్కా? మాకు నాలుగు నెలల పది రోజులే. సంక్రాంతికి ముందే తీరిపోయింది.”

వంటింట్లోంచి ఆదెమ్మ కోడలు శివపార్వతి గబగబా వచ్చింది. “ఇన్నావా అత్తా! నిన్న బొబ్బట్లు తీసుకోని నీ వాకిలి దాకా వచ్చినా చిన్నమ్మా. ఏడు తిరగని ఇంటికి తీపి పోగూడదంట గదా. నువ్వు బాధపడతావని ఎనక్కి తిరిగినా.”

“ఈదిలో అందరికీ నేనే చెప్పినా,” అంది ఆదెమ్మ. మూత ఇంకా ఆమె చేతిలోనే ఉంది. “సుగ్రాకాడ ఏడాది దాకా పండగ మాట ఎత్తొద్దు, ఆ వాకిట్లో నవ్వొద్దు అని. మాకు అట్లనే గదా. మీకు ఏరే అని నాకేం తెలుసు? మర్యాద జేస్తాండామనుకుంటి.”

“గిన్నె కూడా అడగలేదే.”

“పోయినోళ్లింటికి పోయి గిన్నె ఇయ్యమని ఎట్ల అడిగేదే?”

“మీరంతా నన్ను మరిసిపోయినారనుకున్నా అక్కా,” అంది సుగ్రా. అన్ని నెలలుగా ఎవరి ముందూ ఏడవని మనిషి, మంచం పట్టె పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆదెమ్మ పమిట కొంగుతో ఆమె మొహం తుడిచి, అదే కొంగుతో తన కళ్లూ తుడుచుకుంది.

“గ్లాసులు తేయే పార్వతీ!” అని కేకేసి, అవి వచ్చేలోపే గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. “సారపప్పు శానా ఏసినావే.”

“ఆయనకిష్టం.”

“తెలుసు. మా అరుగు మీద కూర్చోని, ఏరుకోని తినేటోడు.”

తర్వాత ఆదెమ్మ వీధిలోకి వెళ్లి నాలుగు కేకలు వేసింది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. కాసేపటికి సుగ్రా వాకిట్లోకి గిన్నెలు రావడం మొదలైంది. ఇత్తడివి, స్టీలువి, చెవులు ఊడినవి. వాటిని పట్టుకుని మనుషులు వచ్చారు, పలకరాయి మెట్టు మీద, దాని కింద, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. పెద్ద దబరా అడుగంటా ఖాళీ అయింది.

పొద్దు వాలాక ఆదెమ్మ తన గిన్నె కడిగి, అందులో నిన్నటి బొబ్బట్లు పేర్చి తెచ్చింది.

“గిన్నె ఇచ్చేదానికి వస్తే మళ్లా నాకే ఇస్తాండావా?”

“పండగపూట ఉత్త చేతుల్తో రమ్మంటావా? తిను.”

అప్పుడే ఫోన్ మోగింది. “ఏం అనుకున్నావు ఆపా? ఎప్పుడొస్తాండావు?” అన్నాడు మున్నా.

సుగ్రా నోటి నిండా బొబ్బట్టు ఉంది. మింగి చెప్పింది.

“యాడికొచ్చేది రా? ఆదెమ్మక్క గిన్నె నాకాడే ఉంది. నింపి ఇయ్యాల.”