స్తుతికి నాలుగు హద్దులు

వినుకొండ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాసే వీరాంజనేయులు గారికి హద్దుల పిచ్చి. ఈ మాట ఆయన ముందు కూడా అంటాను, నాకేం మొహమాటం లేదు.

పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పత్తి చేను దస్తావేజులో ఉత్తరం హద్దు రాయడం మర్చిపోయారట. ఆ గట్టు కోసం ఒక బావా బావమరిదీ పంతొమ్మిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు. వాయిదా ఉన్న ప్రతిసారీ ఇద్దరూ ఈయన షెడ్డు ముందు ఆగి, చెరో తిట్టు తిట్టి, కలిసి టీ తాగి వెళ్లేవాళ్లు. అప్పట్నుంచీ హద్దులు లేనిదే ఆయన కలం కదలదు. కూతురి పెళ్లి శుభలేఖలో కల్యాణమండపానికి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వేయించారు. ఊరంతా నవ్వింది కానీ ఆ పెళ్లికి దారి తప్పినవాళ్లు మాత్రం లేరు.

అలాంటి మనిషి దగ్గరికి నా కూతురి కాగితం పట్టుకుని వెళ్లడం నా తప్పే.

నా భార్య జయకుమారి మస్కట్‌లో నర్సు. వెళ్లి రెండేళ్లయింది. ఈ వేసవికి ఆసుపత్రి వాళ్లు సెలవు లేదన్నారు, పిల్లని తెచ్చుకుంటే మాత్రం నెలన్నర ఉంచుకోవచ్చన్నారు. నాకు పాస్‌పోర్టు లేదు, పత్తి మిల్లు వదిలి వెళ్లే వీలూ లేదు. అందుకని తొమ్మిదేళ్ల స్తుతి ఒక్కతే విమానం ఎక్కాలి. తోడు లేకుండా వెళ్లే పిల్లలకి విమానం కంపెనీ వాళ్లు తోడు ఛార్జీ వేస్తారు. ఆ తోడు కౌంటరు దగ్గర మొదలై అవతల తలుపు దగ్గర అయిపోతుంది. దానికి టికెట్‌లో మూడో వంతు. అది కాక పిల్లని అప్పగించేవాళ్లెవరు, అందుకునేవాళ్లెవరు అని నాలుగు కాపీల ఫారం, తండ్రి సమ్మతి పత్రం, దాని మీద నోటరీ ముద్ర.

నెట్ సెంటర్‌లో ఇంగ్లీషు సమ్మతి పత్రం అరపేజీలో కొట్టించాను. స్తుతిని వెంటబెట్టుకుని నోటరీ కోసం వెళ్తే వీరాంజనేయులు గారు అడ్డం తగిలారు.

"ఏమయ్యా కరుణాకర్, ఇది కాగితమా? పిల్ల ఎవరో, ఎక్కడుందో, చుట్టూ ఏముందో ఒక్క ముక్క లేదు. రేపు ఎవరైనా ఇది మా పిల్ల అంటే ఏం చూపిస్తావు?"

"పిల్లనే చూపిస్తానండీ."

"పిల్ల విమానంలో ఉంటుందిగా."

ఆయన వంద రూపాయల స్టాంపు పేపరు తీసి, దారం కట్టిన కళ్లజోడు పెట్టుకుని, స్తుతిని స్టూలు మీద నిలబెట్టి టేపుతో కొలిచారు. విస్తీర్ణం: నాలుగు అడుగుల రెండు అంగుళాలు. ఎడమ మోకాలి మీద సైకిలు దెబ్బ ఒకటి. తాకట్లు, జప్తులు, కోర్టు వ్యవహారాలు లేవు. ఆ మాట రాయబోతూ ఆగి, "ఎవరికైనా ఏమైనా ఇవ్వాలా అమ్మాయ్?" అన్నారు. బెంచీలో పక్కన కూర్చునే సిద్దికాకి స్కెచ్ పెన్ను ఇవ్వాలని ఇది ఒప్పేసుకుంది. ఇక చూడండి, ఎండలో సిద్దికా వాళ్లింటికి వెళ్లి, పెన్ను ఇచ్చి, ముట్టినట్టు ఆ పిల్ల చేత సంతకం పెట్టించుకు వచ్చేదాకా పని ఆగిపోయింది. మిల్లులో నా సగం రోజు జీతం ఆ ఆకుపచ్చ పెన్నుకు పోయింది.

తర్వాత హద్దులు. తూర్పు, తండ్రి కరుణాకర్. దక్షిణం, నాయనమ్మ. ఉత్తరం, సిద్దికా. పడమర దగ్గరికి వచ్చేసరికి స్తుతి తనే చెప్పింది, "పడమర మా అమ్మ" అని.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ అమ్మ ఆనుకుని లేదమ్మా. హద్దంటే ఆనుకుని ఉండాలి. అటువైపు ముందు ఏది అడ్డం వస్తే అదే రాయాలి." రాసేశారు. పడమర, అరేబియా సముద్రం.

"రోజూ ఫోన్‌లో మాట్లాడుతుంది తాతయ్యా."

"ఫోన్ ఆనుకున్నట్టు కాదు. నేను అబద్ధం రాయను."

స్తుతి స్టూలు దిగి గోడవైపు తిరిగి నిలబడింది. నాకు ఒళ్లు మండింది. పిల్ల మాట ఒక్కటి రాస్తే ఈయన సొమ్మేం పోతుందని. అంతకంటే, ఆయన చెప్పింది నిజం కావడం నాకు మరీ బాధనిపించింది.

ప్రయాణం ముందు ఆదివారం మా పాస్టరు గారు సంఘం చేత ప్రార్థన చేయించారు. ఆ సాయంత్రమే వీరాంజనేయులు గారు, తనూ మాతో హైదరాబాదు విమానాశ్రయానికి వస్తున్నట్టు చెప్పారు. స్వాధీనం సాక్షి కళ్ల ముందు జరగాలట. సొంత డబ్బుతో బస్సు టికెట్ తీసుకుని, స్టీలు క్యారియర్‌లో పులిహోర పట్టుకుని వచ్చారు.

విమానాశ్రయంలో నా ఇంగ్లీషు కాగితం రెండు నిమిషాల్లో చెల్లిపోయింది. దస్తావేజు ఎవరూ అడగలేదు. ఆయన మొహం చిన్నబోయింది. అడక్కపోయినా దాన్ని కౌంటరు మీద పరిచారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి తెలుగు పిల్లే, ఓపిగ్గా చదివింది.

"సర్, పాపతోపాటు నీళ్లు, చెట్లు, రాళ్లు, నిధి నిక్షేపాలు కూడా వెళ్తున్నట్టు రాశారు. చేతి లగేజీ ఏడు కిలోలేనండీ."

"అది రివాజమ్మా. ఉన్నా లేకపోయినా రాయాలి."

"ఇక్కడ అమ్ముకునే హక్కు అని కూడా ఉంది."

"అది నేను కొట్టేయించానండీ," అన్నాను. నిజమే, ఆ ఒక్క మాట మీద మేం గంటసేపు పోట్లాడుకున్నాం. కొట్టివేత పక్కన నా సంతకం, ఆయన సంతకం, నోటరీ సంతకం ఉన్నాయి. సంతకం లేని కొట్టివేత ఉన్న కాగితం చిత్తుకాగితంతో సమానమని ఆయన సిద్ధాంతం.

వెనక లైను పెరిగిపోతోంది. ఆ అమ్మాయి దస్తావేజు మీద ఒక ముద్ర కొట్టి, మడిచి, స్తుతి మెడలో వేసిన సంచిలో పెట్టింది. స్తుతి నాకు చెయ్యి ఊపి, ఆయన వంక చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

విమానం లేచేదాకా అప్పగించినవాళ్లు కదలకూడదని రూలు. బయట బెంచీ మీద కూర్చున్నాం. నాకు పులిహోర దిగలేదు. ఆయనా తినలేదు. "సముద్రం మీదుగానే కదయ్యా పోయేది?" అని రెండుసార్లు అడిగారు.

తిరుగు బస్సు పిడుగురాళ్ల దాటుతుండగా జయకుమారి దగ్గర్నుంచి వాట్సాప్‌లో రెండు ఫొటోలు వచ్చాయి. మొదటిది దస్తావేజు. స్వాధీనం పొందినవారు అన్నచోట జయకుమారి సంతకం. పైన హద్దుల దగ్గర అరేబియా సముద్రాన్ని ఆకుపచ్చ రంగుతో అడ్డంగా కొట్టేసి, స్తుతి అక్షరాలతో "మా అమ్మ" అని ఉంది. సిద్దికా పెన్ను మళ్లీ దీని దగ్గరికెలా వచ్చిందో నన్నడక్కండి.

భయపడుతూనే ఫోన్ ఆయన చేతికిచ్చాను. "కొట్టివేత పక్కన సంతకాల్లేవు," అన్నారు. తర్వాత రెండో ఫొటో తెరిచారు. విమానాశ్రయం బయట తల్లీ కూతురూ, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, చెంపకి చెంప. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఫొటో పెద్దది చేసి, ఆ రెండు మొహాల మధ్య చోటు వెతికారు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి పిలిచారు. మొదటి ఫొటో ప్రింటు తీయించి బల్ల మీద పెట్టుకున్నారు. సముద్రం కొట్టివేత పక్కన నా చేత సంతకం పెట్టించి, కింద తనూ పెట్టారు. పెట్టి, ఎదురుగా ఇలా రాశారు:

"పడమర హద్దు సరిచూడబడినది. తల్లి ఆనుకుని ఉన్నది."