తవుడు పోసి కొన్న బిడ్డ పేరు సల్సబీల్

నిన్న ఉదయం పదకొండు గంటలకు, మదనపల్లెలో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఒక ప్రెస్సులో, మా అక్క తన పేరు మార్చడానికి ఒప్పుకోలేదు.

పత్రిక ఆమె కొడుకు పెళ్లిది. ఆమె పేరు సల్సబీల్. మేం హిందువులం... పుంగనూరులో చిల్లర అంగడి నడుపుకున్న కుటుంబం. ఆ పేరు ఎందుకని అడిగినవాళ్లకు ఇన్నేళ్లూ నోటితో చెప్పాం. ఈసారి రాసి పెడుతున్నాను.

మా చిన్నప్పుడు... పుంగనూరులో మా పక్కిల్లు ఖైరున్బీ పెద్దమ్మది. వాళ్లు పట్టుగూళ్లు ఉడికించి దారం తీసేవాళ్లు. ఆ వాసన మేం అన్నం తినే చోటికి కూడా వచ్చేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

అక్క కంటే ముందు అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడో బిడ్డయినా దక్కాలంటే అమ్మెయ్యాలన్నారు పెద్దవాళ్లు. అప్పట్లో మా వైపు అది ఉన్నదే. బిడ్డ ఆ ఇంటిది కాదంటే చావు ఇల్లు తప్పి పోతుందని నమ్మకం. పదకొండో రోజు అమ్మ అక్కను చేటలో పడుకోబెట్టి ఖైరున్బీ గడప మీద పెట్టింది. ఆమె శేరు తవుడు కొలిచి అమ్మ కొంగులో పోసి బిడ్డను ఎత్తుకుంది. కాసేపటికి, "నా బిడ్డను సాకి పెట్టమ్మా" అని మళ్లీ అమ్మ చేతికే ఇచ్చింది.

కొన్నవాళ్లే పేరు పెట్టాలి... అది పద్ధతి.

ఖైరున్బీకి అప్పటికి ముగ్గురూ మగపిల్లలే. ఆడపిల్ల పుడితే పెట్టుకోవాలని దాచుకున్న పేరును అక్కకు పెట్టేసింది. ఐదేళ్ల తర్వాత ఆమెకూ కూతురు పుట్టింది. ఈ బిడ్డకూ అదే పెట్టుకోరాదా అని అమ్మ అంటే, "ఇచ్చేసినాక ఇంగ యాడిదమ్మా? నేను నా బిడ్డను పిలిస్తే నీ బిడ్డ ఉరికొస్తాది" అని నవ్విందట.

బడిలో చేరినప్పుడు పంతులు పేరు చూసి అక్కను ఉర్దూ పిల్లల వరుసలో కూర్చోబెట్టాడు. నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఐదో రోజు ఆమె పలక మీద కుడి నుంచి ఎడమకు రాస్తుంటే నాన్న చూశాడు.

"ఏమ్మే, ఎనక నుంచి రాస్తాండావు?"

"సారు ఇట్లే రాయమన్నాడు నాయనా. నాకే బాగొస్తాండాది."

సల్సబీల్ అంటే నీళ్ల పేరని మాత్రం ఖైరున్బీ చెప్పేది. నేను వార్తాపత్రికలో విలేకరిగా చేరాక ఒక అరబ్బీ పంతులుగారిని అడిగి రాసుకున్నాను. స్వర్గంలో పారే ఒక ఊట పేరు. గొంతులోకి హాయిగా దిగే నీరు అని అర్థం. ఖురాన్‌లో ఒక్కచోటే వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్ల మధ్య తిరుగుతూ ఎందరి పేర్లు రాసి ఉంటానో లెక్కలేదు. రెండో సల్సబీల్ నాకు తగల్లేదు.

అమ్మిన బిడ్డను పెళ్లికి ముందు తిరిగి కొనుక్కోవాలి. తవుడు వెనక్కి ఇచ్చేస్తే బిడ్డ మనది... పేరూ మార్చుకోవచ్చు. అక్క పెళ్లి కుదిరినప్పుడు అమ్మ గిన్నెలో తవుడు పట్టుకుని పక్కింటి గడప దాకా వెళ్లింది. నేను వెంట ఉన్నాను. అక్కడ నిలబడింది. చాలాసేపు నిలబడింది... వెనక్కి వచ్చేసింది.

"నాకు దైర్యం సాల్లేదప్పా. ఆమె బిడ్డగానే ఉండనీ. బతికుండాది గదా" అంది.

ఆ తవుడు ఆవుకు పెట్టాం. అమ్మ పోయింది. అక్కను ఎవరూ తిరిగి కొనలేదు.

ఆ తర్వాత బ్యాంకులో, ఆసుపత్రిలో, రేషన్ కార్డు దగ్గర... ఎక్కడికి పోయినా అదే ప్రశ్న. మొదట్లో అక్క మొత్తం కథ చెప్పేది. తర్వాత రెండు మాటలకు కుదించింది. ఈమధ్య "మా పక్కింటామె పెట్టిందిలే" అని ఊరుకుంటోంది.

నిన్న ప్రెస్సులో మేనల్లుడు అన్నాడు: "కార్డులో సరస్వతి అని ఏపిద్దాం మా. పెండ్లికూతురోళ్ల సుట్టాలంతా అడుగుతారు. ఎంతమందికని సెప్పేది?"

వాడు చెడ్డవాడు కాదు. చిన్నప్పటి నుంచి వాడూ చెప్పి చెప్పి అలిసినవాడే. పేరు వినగానే మనిషిని ఏదో ఒక వైపు నిలబెట్టి చూసే చూపు నాకూ తెలుసు.

అక్క కాసేపు కళ్లజోడు తుడుచుకుంది.

"యాబై ఏండ్లకు పైగా సెప్తానే ఉండాను. నాకు మాత్రం ఇసుగు లేదా? ఇంగో నాలుగు దినాలు సెప్తే ఏమైతాది?" అని ప్రెస్సతని వైపు తిరిగింది. "రాసుకోప్పా. సల్సబీల్. పైన ఆశీస్సులు అని ఏస్తారే, ఆడ అవ్వ ఖైరున్బీ, కుప్పం అని ఎయ్యి."

మేనల్లుడు తల పట్టుకున్నాడు. "ఒకటి తీసెయ్మంటే రెండు సేస్తివి గదమ్మా!"

"అడిగినోళ్లను నా కాడికి పంపీ."

ప్రెస్సతను నవ్వాడు. కాసేపటికి వాడూ నవ్వాడు.

ఇప్పుడు బిడ్డ పుట్టకముందే ఫోనులో పేర్లు వెతుకుతున్నారు. అర్థమేమిటి, ఎక్కడిది, ఎందరికి ఉంది... అన్నీ వస్తాయి. అక్క పేరు కొట్టి చూశాను. అర్థం సరిగ్గానే ఉంది. అరుదైన పేరు అని ఉంది. గడప మీద చేట పెట్టి నిలబడిన తల్లి సంగతి ఎక్కడా లేదు. అలా పక్కింటికి అమ్ముడుపోయి బతికిన బిడ్డలు మీ వీధిలోనూ ఉండే ఉంటారు. వాళ్లకు ఎవరు ఏ పేరు పెట్టారో కింద రాయండి... అడిగి తెలుసుకోవడానికి పెద్దవాళ్లు ఇంకా కొందరైనా ఉన్నప్పుడే.

ఖైరున్బీ పెద్దమ్మ ఇప్పుడు కుప్పంలో కూతురి దగ్గర ఉంది. చూపు బాగా తగ్గింది. తవుడు కూడా పట్టుకెళ్దామా అని అక్కను అడిగాను. "యాలప్పా? ఆమె బిడ్డగానే పోతాను" అంది.

పత్రికలు శనివారం సాయంత్రానికి ఇస్తామన్నారు. ఆదివారం ఉదయం ఆరున్నరకు పుంగనూరు మీదుగా కుప్పం బస్సు. మొదటి పత్రిక ఖైరున్బీకి. అందులో ఉన్న పేర్లు అక్కే చదివి వినిపిస్తుంది.