డ్యూటీలో విరిగిన కాలు

మొన్న మోకాలి నొప్పికని ఆసుపత్రికి వెళితే, కౌంటర్లో అమ్మాయి నాలుగు పేజీల కాగితం ముందుపెట్టి సంతకం చెయ్యమంది. నేను కళ్లజోడు పెట్టుకుని మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టేసరికి వెనక వరుసలోవాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీండి. ఆ అలవాటు నాకు పంతొమ్మిదివందల అరవైలలో, బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, అక్షరం ముక్క రాని మా అత్తగారి దగ్గర అబ్బింది.

శ్రీకాకుళం నుంచి కొత్త కోడలిగా వెళ్లాను. చుట్టాలంతా రైల్వేలో ఉంటే మామగారు మాత్రం ఊరి చివర ఇనుము పోతపోసే ఒక ప్రైవేటు ఫౌండ్రీలో మిస్త్రీ. ఒక మధ్యాహ్నం ఫోర్‌మన్ చీటీ రాసిచ్చి, గూడ్సు షెడ్డుకు సామాను వచ్చిందేమో చూసి రమ్మని పంపితే, సైకిలు మీద వెళ్తున్న ఆయనను మలంచా రోడ్డులో లారీ గుద్దేసి పోయింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది.

మూడోనాడు ఫౌండ్రీ గుమస్తా ఇంగ్లీషు కాగితం పట్టుకొచ్చి, సెలవు మంజూరుకేనని, వేలిముద్ర చాలని నచ్చజెప్పాడు. మంచంమీది మామగారు చెయ్యి చాపారు కూడా. అత్తగారు కాగితం లాక్కుని నా చేతిలో పెట్టారు.

"ఏటి రాసినారో సదువమ్మా."

స్కూలు ఫైనలు చదువు నాది, తడుముకుంటూ చదివాను. భోజనానికి ఇంటికి పోతూ, తన అజాగ్రత్తవల్లే పడ్డాడని ఉంది.

"కేరేజీ నానే కట్టి పంపినాను, తిండికి ఇంటికెందుకొస్తాడు? ముద్ర ఎయ్యడు, పో" అన్నారు అత్తగారు.

"నౌకరీ పోతుంది, దీదీ" అన్నాడు గుమస్తా.

"కాలు ఇరిగినోడిని నౌకరీ పోద్దని బెదిరిస్తావేటి?"

పెద్దవాళ్లతో పేచీ ఎందుకని ఇరుగుపొరుగు మందలించారు, మామగారూ కోప్పడ్డారు. ఆవిడ మాత్రం నెత్తురంటిన చొక్కా జేబులోంచి ఫోర్‌మన్ చీటీ ఎప్పుడో తీసి దాచారు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాలని చట్టం ఉందని చెప్పి, యూనియన్ పెద్దాయన ఒకరు అర్జీ రాసిపెట్టారు. విచారణకని అత్తగారూ నేనూ మూడుసార్లు బస్సెక్కి మేదినీపూర్ వెళ్లాం. కంపెనీ వకీలు, మామగారిని ఎవరూ ఎక్కడికీ పంపలేదన్నాడు. అప్పుడు అత్తగారు కొంగుముడి విప్పి, చీటీని రెండు చేతులా పట్టుకుని చూపించారు. విచారణ చేస్తున్న అధికారి ఇమ్మని చెయ్యి చాపాడు.

"సదువుకోండి బాబూ. సేతికి మాత్రం ఇవ్వను."

ఆయన ఒక్క క్షణం చూసి, కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, వంగి చదివాడు.

అది డ్యూటీలో తగిలిన దెబ్బేనని తీర్పు వచ్చింది, పరిహారమూ వచ్చింది. మామగారి కాలు మాత్రం మళ్లీ తిన్నగా రాలేదు. ఆ తర్వాత చేయి నలిగినవాళ్లూ, సైకిలు మీంచి పడ్డవాళ్లూ తమ కాగితాలు మా అరుగు మీదికే తెచ్చేవారు. నేను చదివేదాన్ని, అత్తగారు అడ్డుప్రశ్నలు వేసేవారు, వీధి వీధంతా వినేది.

ఆ అరుగులు ఇప్పుడు లేవు. అందరికీ చదువొచ్చింది, ఎవరి కాగితం మీద వాళ్లు తలుపులు మూసుకుని ఒంటరిగా సంతకం పెడుతున్నారు. ఒంటరిగా ఉన్న మనిషిని బెదిరించడం ఎంత తేలికో, మా అరుగు ఉన్నన్నాళ్లూ మా వీధిలో ఏ గుమస్తాకూ తెలిసే అవకాశం రాలేదు.