పాడు పెట్టిన ఇంటి ముందు బంగ్లా పూలు

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన సంగతి నాకు మారికుప్పం స్టేషన్ బయట తెలిసింది. దసరా అయిన మరుసటి రోజు. బెంగళూరు నుంచి సాయంత్రం రైలు దిగి నడుస్తుంటే మా అమ్మ ఫోన్ చేసింది. "నేరుగా మనింటికి రాబాక. పెద్దమ్మ ఇంటికాడికి రా. పొద్దున మొక్కలకు నీళ్ళు పోసి గడప మీద కూర్చున్న మనిషి ఇంగ లేయలేదు" అని చెప్పింది. మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే నీ రైలు ముందరే వచ్చేస్తాదా" అంది.

పెద్దమ్మ అన్నానని చుట్టమనుకోవద్దు. కేజీఎఫ్‌లో అంటే మా బంగారు గనుల ఊళ్ళో, గని కార్మికుల ఇళ్ళు వరసలుగా ఉంటాయి, లైన్లంటాం. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఎదురెదురు. మధ్యలో దారి ఎంత ఇరుకంటే, మా ఇంట్లో మిరపకాయల పోపు వేస్తే వాళ్ళింట్లో తుమ్ములు వినపడేవి. ఆమె పుట్టిల్లు నంగలి. పెళ్ళయి ఈ లైనుకు వచ్చింది, మళ్ళీ కదల్లేదు. ఆయన గనిలో పనిచేసేవాడు. పిల్లలు లేరు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి, ఎవరినీ నొప్పించి ఎరగదు అని రాయడం మర్యాద. మా పెద్దమ్మ అందరినీ నొప్పించేది. నొప్పించాక పిలిచి కాఫీ ఇచ్చేది. ఆ మర్యాద రాతలు ఆమె చదివి ఉంటే ఎవరి గురించి రాశావని నన్నే అడిగేది.

గని మూసేశాక లైన్లలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఆఫీసర్లు వెళ్ళిపోయారు, వాళ్ళ బంగ్లాలకు తాళాలు పడ్డాయి, తోటలు ఎండిపోయాయి. ఒక బంగ్లా ముందు మనిషెత్తు కాడలు ఎండి నిలబడి ఉండేవి. హాలీహాక్ అంటారు. బెండపువ్వు పోలికే, అరచేయంత పువ్వు. మా లైన్లలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు, బంగ్లా పూలనేవాళ్ళం. పెద్దమ్మ పడిపోయిన కంచె దాటి లోపలికి వెళ్ళి, ఎండిన కాయలన్నీ దూసి ఒడిలో వేసుకుంది. వాచ్‌మన్ పట్టుకున్నాడు.

"తాళం వేసిన జాగాలో నీకేం పనమ్మా?" అన్నాడు.

"తాళం ఇంటికి వేసినారు. పూలకు వేసినారా?" అంది పెద్దమ్మ.

అతను ఇంకో మాట అనేలోపల ఆమె సగం దారి వచ్చేసిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ విత్తనాలతో మొదటి ఏడు చేసిన తప్పు మా ఊరివాళ్ళు మాత్రమే చేయగలిగింది. బంగారం తీసేశాక మిగిలిన పొడి మా ఊళ్ళో గుట్టలు గుట్టలుగా ఉంటుంది, సైనైడ్ దిబ్బలంటాం. మా లైన్ల పిల్లలకు జారుడుబండ అదే, ఇసుక అన్నా అదే. పెద్దమ్మ భర్త ఒక తట్ట ఎత్తుకొచ్చి, "పిండి మాదిరి ఉండాది చూడు, జల్లెడ పట్టే పని కూడా లేదు" అని మురిసిపోయాడట. గనిలోకి మందుగుండు వచ్చే చెక్కపెట్టె ఒకటి ఇంట్లో ఉండేది. అందులో ఆ పొడి కలిపిన మట్టి పోసి విత్తనం వేశారు. మొలకలు వచ్చాయి. రెండాకులు వేశాయి. ఆ ఆకుల అంచులు మాడి, ఒకటొకటే తల వాల్చాయి. పైన మట్టి సిమెంటు వేసినట్టు బిగుసుకుపోయింది.

పెద్దమ్మ ఏడవలేదు. ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని దిబ్బ దాకా నడిచి, అక్కడ బోర్లించి వచ్చింది. ఇంటి వెనక మురికికాలవ ఉండగా అంత దూరం ఎందుకని ఆయన అడిగితే, "దాని మన్ను దానికే పారేసి వచ్చినా. నా ఇంటి ముందర ఒక్క చెంచా కూడా వద్దు" అంది. నంగలి వెళ్ళి తమ్ముడి రాగిచేను మట్టి గోనెసంచికి ఎత్తించుకుని బస్సెక్కింది. కండక్టర్ "మట్టి కూడా బస్సులో తెస్తారా అమ్మా" అని నవ్వాడట. "మీ ఊర్లో మన్ను బాగుండాదప్పా, అందుకే నీకు నవ్వొస్తాది" అందట పెద్దమ్మ. ఆ తర్వాత ప్రతి వానాకాలం ముందు నంగలి నుంచి ఒక సంచి మట్టి రావడం ఆనవాయితీ అయింది. తమ్ముడే మోసుకొచ్చేవాడు.

వచ్చే ఉగాదికి పూసే మొక్కకు ఇప్పుడు విత్తనం వేయడమేంటని లైన్లో నవ్వేవాళ్ళు. రేపు ఈ ఇళ్ళల్లో ఉంటామో లేదో ఎవరికీ తెలియని రోజులవి. "కొన్న చెట్టయితే మోసుకోనన్నా పోవచ్చు కదా" అని మా అమ్మ అంటే, "పోయేవాళ్ళు కొనుక్కుంటారు. ఉండేవాళ్ళు విత్తనం వేస్తారు" అంది పెద్దమ్మ. ఆ మాట నేను చిన్నప్పుడే విన్నాను. అర్థమయ్యేసరికి రోజూ రైల్లో బెంగళూరు పోయి వచ్చే వయసొచ్చింది. అక్కడే ఇల్లు తీసుకోమని ఆఫీసులో ఎవరు చెప్పినా నేను తీసుకోకపోవడానికి ఆమె కూడా ఒక కారణం.

నాకు విత్తనం వేయడం నేర్పింది కూడా తిట్టుకుంటూనే. ముందు రోజు నానబెట్టాలి. వేలిగోరు మునిగేంత లోతు చాలు, ఎక్కువైతే ఊరుకునేది కాదు. "పూడ్చిపెట్టబాక. దుప్పటి కప్పు" అనేది. పైన తడి గోనెగుడ్డ వేసి, మొలక కనపడగానే తీసేయాలి. నీళ్ళు చెంబుతో కాదు, అడుగున మేకుతో బెజ్జాలు పొడిచిన పౌడర్ డబ్బాతో. నాలుగాకులు రాగానే పెట్టెలోంచి నేలకు మార్చాలి. "వేరు పొడుగు సాగినాక ఇల్లు మారిస్తే అది మనసులో పెట్టుకుంటాది" అనేది.

ఒక్కసారి పూసి చచ్చే జాతి కాదది. శివరాత్రికి మొదలై ఉగాది దాటేదాకా పూస్తుంది. పూత అయిపోయి కాయ ముదిరాక పెద్దమ్మ కొడవలితో కాడను మొదలుకంటా కోసేసేది. మొదటిసారి చూసి నేను గోల చేశాను. "పైన ఏముండాది? ఉండేదంతా కింద ఉండాది" అని కాడ నా చేతిలో పెట్టింది. మరుసటి వానలకు అదే వేరులోంచి మళ్ళీ ఆకు లేచింది.

ఆమె భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆ రోజు నక్షత్రం ధనిష్ఠ అని, ఇల్లు ఆరు నెలలు పాడు పెట్టాలని పంతులు చెప్పాడు. పాడు పెట్టడమంటే మా వైపు తెలియనివాళ్ళుండరు. చెడు నక్షత్రంలో చావు జరిగితే ఇంటికి తాళం వేసి, వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి, గడువు తీరేదాకా ఎవరూ లోపల కాలు పెట్టరు. తమ్ముడు అక్కను నంగలికి తీసుకుపోవడానికి సిద్ధమయ్యాడు. పెద్దమ్మ తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"గనిలో పోయినోళ్ళకంతా నక్షత్రం చూసినారా అప్పా? చూసుంటే ఈ లైన్లన్నీ ఎప్పుడో పాడు పెట్టాల్సి వచ్చుండు. అప్పుడు ఏ పంతులూ రాలేదే. షిఫ్టుకు సైరన్ కొట్టినారు, పోయినారు. నేను యాడికీ రాను."

రాలేదు. ఆ ఇంట్లోనే దీపం పెట్టింది, ఆ వాకిట్లోనే మొక్కలకు నీళ్ళు పోసింది. ఆమెకేదో అవుతుందని లైనంతా ఎదురుచూసింది. ఆమెకేమీ కాలేదు, ఇన్నేళ్ళు బతికింది.

ఈసారి ఆమె పోయింది కూడా ధనిష్ఠలోనే. తలుపుకు అడ్డం కూర్చోవడానికి ఆమె లేదు. నంగలి మామ, అంటే ఆమె తమ్ముడు, కర్మకాండ అంతా తనే చేశాడు. అయ్యాక ఇల్లు పాడు పెట్టడానికి తాళం తీసుకున్నాడు. పెద్దమ్మ అప్పుడన్న మాట నేను గుర్తు చేశాను. "అప్పుడు అక్క మాట ఇన్నాను తల్లీ. ఈసారి ఇనలేను. నాకు మనవళ్ళుండారు" అన్నాడు. ఆయన కళ్ళల్లో భయం చూసి ఇంటి గురించి ఇంక వాదించలేదు. "మరి మొక్కలు?" అని మాత్రం అడిగాను. "మొక్కలకేమమ్మా, వాన పడ్తాది" అని కంప ఈడ్చి గేటుకు అడ్డం వేశాడు.

ఆయనకు తెలియనిది నాకు తెలుసు. పోయిన వేసవిలో వడగళ్ళు పడి, కాయ ముదరకముందే కాడలన్నీ విరిగిపోయాయి. విరిగిన చోట కుళ్ళి పాత వేర్లు కూడా పోయాయి. దక్కిన కొద్ది విత్తనాన్నీ పెద్దమ్మ ఆ వానాకాలంలో పెట్టెలో వేసేసింది. చావుకు కొద్ది రోజుల ముందే ఆ నారు వాకిట్లో తడక పొడవునా నాటింది. ఆమె విత్తనాలు దాచే డబ్బాలో ఒక్క గింజ లేదు. ఆ మొక్కలు ఎండితే బంగ్లా తోటలోంచి ఆమె ఒడిలో తెచ్చింది మొత్తం పోయినట్టే.

కార్తీకం దాకా వానలే కాపాడాయి. తర్వాత ఎండ తగిలింది. తడక సందులోంచి చూస్తే ఆకులు వాడి వేలాడుతున్నాయి. మొదట తడక అవతల నిలబడి, పైపు లోపలికి దూర్చి నీళ్ళు పట్టాను. పాడు పెట్టిన ఇంట్లో కాలు పెట్టలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అటు కొసనున్న మొక్కలకు నీళ్ళు అందలేదు. ఒక పొద్దున రైలుకు పోయే ముందు కంప పక్కకు జరిపి, గేటు తీసి లోపలికి నడిచాను. భయం వేయలేదని చెప్పను. వేసింది. దానికంటే కోపం ఎక్కువ వేసింది. ఆమె లేని వాకిలి అంత శుభ్రంగా, అంత ఊరకే ఉండటం నాకు నచ్చలేదు.

మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడకుండానే రోజూ గడప బయట పసుపునీళ్ళ చెంబు పెట్టేది. కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రానిచ్చేది కాదు. నేను కడుక్కునేదాన్ని. ఇద్దరం ఎవరి పంతం వాళ్ళు నడిపించుకున్నాం. గాలి లేచిన రోజుల్లో దిబ్బల మీది తెల్లటి దుమ్ము వచ్చి ఆకుల మీద కూర్చునేది. ఆ రోజుల్లో ఆకులు కూడా ఒక్కొక్కటే కడిగి రైలుకు పరుగెత్తేదాన్ని.

పుష్యమాసంలో ఒక ఆదివారం నంగలి మామ ఏదో పని మీద వచ్చి, ఇల్లు చూసుకోవడానికి లైనులోకి వచ్చాడు. వాకిట్లో తడి చూశాడు. మా ఇంటి ముందు నిలబడి పిలిచాడు.

"ఆ గేట్లో కాలు పెట్టింది ఎవురమ్మా?"

"నేనే మామా. దినామూ పెడ్తా ఉండా."

"పాడు పెట్టిన ఇల్లని తెలిసేనా?"

"పాడు పెట్టింది ఇంటిని. మొక్కల్ని కూడా పెట్టమన్నారా?"

"మా అక్క నోరు నీకొచ్చిందే" అన్నాడు మామ.

"ఇంగెవరికి రావల్ల మామా? ఎదురింట్లోనే కదా ఉండింది."

విత్తనం సంగతి చెప్పాను. వడగళ్ళ సంగతి, ఖాళీ డబ్బా సంగతి. ఆయన నమ్మనట్టు, "ఇంట్లో ఒక్క గింజ కూడా లేదా?" అన్నాడు. లేదన్నాను. గేటు దాకా వెళ్ళి, దాటకుండా, కంప మీంచి తొంగి చూశాడు. ఆకులు అప్పటికి చేటంత అయ్యాయి.

"అదంతా మన చేని మన్నేనా?"

"అంతా మీ చేనిదే. దిబ్బ మన్ను ఒక్క చెంచా కూడా లేదు."

నేను పక్కకు జరిపిన కంపను సరిచేసి, మామ తుండుగుడ్డతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాను. కొద్ది రోజులకు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ గేటు బయట, కంపకు ఇవతల, ఒక గోనెసంచి ఉంది. మూతి విప్పితే ఎర్రమట్టి. ఎవరు పెట్టారో మా అమ్మను అడగబోయి మానుకున్నాను. మొదళ్ళకు ఆ మట్టి ఎగదోస్తూ అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

శివరాత్రికి మొగ్గ వేసింది. ఉగాదికి తడక పొడవునా పూసింది, తెల్లవి, గులాబీవి, నలుపుకు తిరిగిన ఎరుపువి. ఇంటికి తాళం ఉంది, గడప మీద ముగ్గు లేదు, మామిడాకు లేదు. పాడిల్లని లైన్లో జనం ఎదురు గోడవారగా నడిచేవాళ్ళు. ఆ వారం కొందరు దారి మధ్యకు వచ్చి నడిచారు.

గడువు తీరిన రోజున మామ పంతులుతో వచ్చాడు. వాకిట్లో శాంతి చేయించాలంటే ముందు కంప తీయాలి. తీయబోయి ఆగిపోయాడు. గేటు పక్క మొక్క తిన్నగా పెరగకుండా కంపలోకి దూరి, ముళ్ళ మధ్య నుంచి అవతలికి లేచింది. కంప లాగితే కాడ విరుగుతుందనే నేను కూడా కొన్నాళ్ళుగా దాన్ని కదపకుండా, పక్క సందులోంచి ఒరుసుకుంటూ పోయి వస్తున్నాను. పంతులు తొందరపెట్టాడు.

"ఆ పక్క ఉండనీండి సామీ. ఈ పక్క నుంచి పోదాం" అన్నాడు మామ. తడక విప్పి పంతుల్ని లోపలికి నడిపించాడు.

ఇల్లు తెరిచారు. కంప ఇంకా అక్కడే ఉంది. ఆ పువ్వు కింది నుంచి పైకి పూస్తుంది. అడుగున కాయలు కట్టాయి, ముళ్ళ నడుమ నల్లెరుపు పూలు విప్పుకుని ఉన్నాయి, కంప దాటి పైకి లేచిన కొసన ఇంకా విప్పని మొగ్గలున్నాయి.