సద్దు లేని పాల ఆటో

వేప్పనపల్లి పక్క ఊర్లలో ఇంటింటి పాలు ఎత్తి సొసైటీకి చేర్చే ముత్తప్పకు నత్తి. పుట్టినప్పట్నుంచీ ఉండాది. బళ్ళో అయ్యవారు తొందరగా చెప్పరా అన్నాడు, బస్సులో కండక్టరు తొందరగా చెప్పప్పా అన్నాడు, పెండ్లిచూపుల్లో మామ గూడా పేరు చెప్పేదానికి ఇంతసేపా అన్నాడు. ఇదేందిరా సామీ అని ఆయప్ప మాట్లాడేదే తగ్గించేసినాడు.

అట్లాంటోనికి దేవుడిచ్చినట్లు ఒక పాత డీజిల్ ఆటో దొరికింది. అబ్బో, దాని సద్దు! తెల్లారి అది గట్టు ఎక్కిందంటే చాలు, ఆడోళ్ళు ఆవులకింద కూచునేస్తారు. దిగి ఊర్లోకి వచ్చేలోపల పాలు పిండి, వడగట్టి, క్యాన్లు పట్టుకోని రోడ్డు మీద ఉంటారు. ముత్తప్ప కొలిచి పోసుకోని, తల ఊపి, ముందుకు పోతాడు. ఏండ్ల తరబడి నోరు తెరిచే పనే పడలేదు. ఆయప్ప మాటలన్నీ ఆ ఆటోనే మాట్లాడేది.

ఆ ఆటోకు ఇంక ఎఫ్‌సి రాదని, ఇంక రోడ్డెక్కనియ్యరని ఒకనాడు తేలిపోయింది. అప్పుడే కృష్ణగిరిలో బ్యాటరీ బండ్ల మేళా పెట్టినారు. మోహన్‌కుమార్ అనే ఆఫీసరు మైకు పట్టుకోని, పర్మిట్టు వద్దు, రోడ్డు ట్యాక్సు లేదు, సబ్సిడీ ఉండాది, పొగ రాదు అని చెప్పి, అన్నిటికన్నా గొప్ప సంగతి, సద్దే ఉండదు అన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు. సద్దు లేకపోతే ఎట్లా అని ముత్తప్ప మాత్రం చెయ్యెత్తినాడు.

"సా... సార్, స... స... స..."

"సబ్సిడీనే కదా? వస్తాదప్పా, భయం లేదు. ఈడ సంతకం పెట్టు" అన్నాడు ఆఫీసరు. మంచి మనిషి, పాపం. ముత్తప్ప సంతకం పెట్టేసినాడు. మాట ముగించేదానికన్నా అదే సులువుగా ఉండింది.

మొదటిదినం కొత్త ఆటో గట్టు ఎక్కి, దిగి, ఊరంతా తిరిగి, ఖాళీ క్యాన్లతో సొసైటీకి చేరింది. ఒక కుక్క గూడా మొరగలేదు. ఆడోళ్ళు ఎండ ఎక్కేదాకా చెవులు గట్టు దిక్కే పెట్టుకోని కూచున్నారు. ఆఖరికి పిండిన పాలు ఎత్తేవాళ్ళు లేక విరిగిపోయినాయి. పాలు పోసే సుబ్బక్క ముత్తప్ప ఇంటి ముందరికే వచ్చి జగడం పెట్టుకునింది.

"వచ్చినాడు కదక్కా" అనింది ముత్తప్ప పెండ్లాం బసవమ్మ.

"వస్తే మాకు వినపడదా? మాకేమన్నా చెవుడా?"

సరే అని హారన్ కొట్టి చూసినాడు. కుప్పం పోయే మామిడికాయ లారీలు ఆ రోడ్డులో పొద్దస్తమానం హారన్ కొడతానే ఉంటాయి, ఎవురు లెక్కపెడతారు? కూతురు భరణి ఆటోకు స్పీకరు కట్టి పాట పెట్టించింది. ఆ దినం జనం బాగా వచ్చినారు. అందరి చేతుల్లోనూ చెత్తబుట్టలే! పంచాయతీ చెత్తబండి గూడా బ్యాటరీదే, అదీ పాట పెట్టుకోనే వస్తాది. సుబ్బక్క నిద్రకండ్లతో ఎర్రగడ్డల పొట్టు తెచ్చి పాలక్యానులో పోసేసింది. తప్పెవురిదని మళ్ళా జగడం.

సొసైటీ సెక్రటరీ గోపీచంద్ ముత్తప్పను పిలిపించినాడు. "నీ మింద నాకు కోపం లేదప్పా. రేపు గూడా పాలు రాకపోతే ఈ రూటు మత్తూరులో పాలెత్తే ఆయనకు ఇచ్చేస్తా. ఆయనకు గొంతు ఉండాది."

ఆ పూట ముత్తప్ప కంచం పక్కకు నెట్టేసినాడు. రూటు పోతే హోసూరులో ఏ ఫ్యాక్టరీ గేటు కాడో కాపలా కూచోవాల. ఆడ వచ్చే పోయే ప్రతి మనిషినీ పేరేంది, యాడికి పోతావు అని అడగల్ల.

"నోరు తెరిచి పిలువు" అనింది బసవమ్మ. "నవ్వేటోళ్ళు నవ్వనీ. పాలు పోసి నవ్వుతారు."

తెల్లారి ఊరి మొదట్లో ఆటో నిలిపి, గొంతు సవరించుకోని, "పా..." అన్నాడు. అది ఆడే పట్టుకునింది. "పా... పా... పా..." మెడ నరాలు లేచినాయి. కండ్లు గట్టిగా మూసుకున్నాడు. భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది. ఎట్లో "పాలు!" అని ముగించి కండ్లు తెరిస్తే, ముందర ఆడోళ్ళు క్యాన్లతో నిలబడి ఉండారు. ఎవురో కిసుక్కుమన్నారు. అయినా అందరూ పాలు పోసినారు. గోపీచంద్ ఇంక రూటు మార్చే పని లేదు.

అంతలో సుబ్బక్క పరుగెత్తుకుంటా వచ్చింది. ముడి ఊడిపోయింది, పాలు వడగట్టే గుడ్డ భుజం మీదనే ఉండాది. ఇంకా ఏమి తిడతాదో అని ముత్తప్ప తల దించుకున్నాడు.

"ఏమప్పా, నాకు రెండావులు. నువ్వు పిలిచేదానికి మొదులుపెట్టినప్పుడు కూచుంటే ఒకటే పిండేదానికి అయింది. అంత బిరీన యాల ముగించేసినావు? రేపట్నుంచి ఇంకా నిదానంగా పిలువు."

ముత్తప్ప తలెత్తి చూసినాడు. ఆయమ్మ ఎగతాళి చేస్తా లేదు, చెంగుతో చెమట తుడుచుకుంటా ఉండాది. ఆయప్పకు కండ్లనిండా నీళ్ళు వచ్చేసినాయి. ఎప్పటిలాగా తల ఊపబోయి, నిలిపి, నోటితోనే చెప్పినాడు.

"స... స... స... సరేక్కా."

అది ముగిసేదాకా సుబ్బక్క క్యాను పట్టుకోని నిలబడే ఉండింది.