కార్డుకు పెట్టిన బొట్టు

మా మామయ్యగారు సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. నిరుడు ఆయనకు కొత్త ఐడీ కార్డు వచ్చింది. కొత్త బండికి పెట్టినట్టే నేను దానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి గూట్లో ఉంచాను.

నెల తిరక్కుండానే అత్తయ్యగారి గుండె పరీక్షకని పెద్దాపురం నుంచి విశాఖ వెళ్ళాం. ఆసుపత్రి మిలటరీ స్థావరం లోపల ఉంది. గేటు దగ్గర మెషిన్ కార్డు తీసుకోలేదు. చూద్దును కదా, నా బొట్టు సరిగ్గా చిప్ మీదే ఎండిపోయి ఉంది! కొంగుతో ఎంత తుడిచినా లాభం లేకపోయింది. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. డాక్టరు ఇచ్చిన టైము దగ్గరపడుతోంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

కాపలా జవాను తెలుగువాడే. జాలిపడి, "పర్లేదు సార్, మిమ్మల్ని చూస్తేనే తెలుస్తోంది, వెళ్ళండి" అన్నాడు.

మామయ్యగారు కదల్లేదు. "ముఖం చూసి పంపించేస్తావా బాబూ? నీ డ్యూటీలో నేనుంటే నన్ను నేనే ఆపేసేవాణ్ణి. మీ ఆఫీసర్ని పిలు" అని ఎండలో నిటారుగా నిలబడ్డారు.

ఆఫీసరు వచ్చి, రికార్డుల్లో అన్నీ సరిచూసి, సెల్యూట్ కొట్టి మరీ లోపలికి పంపారు.

నాకు చివాట్లు తప్పవనుకున్నాను. ఆయన నవ్వేసి, "ఈసారి బొట్టు నాకు పెట్టమ్మా, కార్డుకొద్దు" అన్నారు.

ఇప్పుడు ఏ గేటు దగ్గరైనా "నేనెవరో తెలుసా?" అని ఎగిరేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తెలిసినా అడగమన్న మనిషి మా ఇంట్లో ఉన్నారండి.