ఇడ్లీల అప్ప బస్తాలు

ఆ రోజుల్లో ఊరు బాగుపడాలంటే ఒక ఫ్లెక్సీ, పది టోపీలు, ఒక ఆదివారం పొద్దు చాలనుకునేవాణ్ణి. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కొత్తగా గుమాస్తా ఉద్యోగం. లోపల ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తుంటే, నేను ఫ్యాను కింద కూర్చుని బయటికెళ్ళే బస్తాలకు గేటు చీటీలు రాసేవాణ్ణి. (పిక్కను ముట్టుకున్న పాపాన పోలేదు. పప్పును మాత్రం శ్రద్ధగా ముట్టుకునేవాణ్ణి.) అలాంటి నాకు హఠాత్తుగా మా వీధి చెత్త మీద కోపం వచ్చింది. ఆఫీసువాళ్ళు, స్నేహితులు కలిపి పదిమందిమి తేలాం. అందులో ఒకణ్ణి 'ఫ్లెక్సీ బావ' అనేవాళ్ళం. ఫొటో పడితేనే పని జరిగినట్టు వాడి లెక్క.

ఆరింటికి రమ్మంటే ఎనిమిదికి చేరాం. చేరగానే టిఫిన్. వీధి చివర బడ్డీలో ఇడ్లీల అప్ప (మా వైపు అక్కని అప్ప అంటాం) మా అందరికీ వడ్డించి, పొయ్యి ఆర్పి, తెల్లచీర కట్టుకుని బైబిలు చేతపట్టుకుని చర్చికి వెళ్ళిపోయింది. మేం చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగాం. తీరా ఊడుద్దామంటే చెత్తేదీ? మునిసిపాలిటీ ఆవిడ తెల్లారకముందే వీధంతా ఊడ్చేసింది. ట్రాక్టరు కూడా మాట్లాడేశాం, ఖాళీగా పంపితే పరువేం కావాలి? వెతగ్గా వెతగ్గా బడ్డీ వెనక ఎనిమిది బస్తాల నల్లటి జీడితొక్క కనిపించింది.

"అసలు చెత్త ఇదిరా!" అన్నాను నాయకుడిలా. తొక్కలోని జీడిరసం చేతులకు అంటుతున్నా లెక్కచెయ్యకుండా బస్తాలు ఎక్కించాం. ట్రాక్టరు వెళ్ళింది, చప్పట్లు కొట్టాం.

ప్రార్థన అయ్యి అప్ప తిరిగొచ్చింది. బడ్డీ వెనక్కి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

"నా తొక్కబస్తాలేవి?"

"చెత్త కదప్పా, డంపింగ్ యార్డుకి..."

"సెత్తేటి బాబూ! అది నా పొయ్యిలో పెట్టుకునీది. రేపు పొద్దున్న మీ ఫొటోలెట్టి ముట్టించమంతావా? మొన్న మీ కంపెనీలో కొన్నప్పుడు దానికి గేటు దగ్గర సీటీ రాసింది నువ్వే గదేటి!"

నిజమే. 'తొక్క, ఎనిమిది బస్తాలు' అని నా గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను. తెల్లారితే ఆమె పొయ్యి వెలగాలి, లేకపోతే ఆ రోజుకి ఇంట్లో తిండి లేదు. వెనక్కి చూస్తే పదిమందిలో ఇద్దరం మిగిలాం, నేనూ ఫ్లెక్సీ బావా. ఆటో మాట్లాడుకుని యార్డుకెళ్ళి, కుళ్ళిన కూరగాయల మధ్య ఒక్కో బస్తా వెతికి లాగాం.

"ఫొటో తియ్యనా?" అన్నాడు ఫ్లెక్సీ బావ.

"ఎత్తరా ముందు!" అని అరిచాను.

ఎనిమిదీ దించేసరికి అరచేతులు మంటెత్తి, వేళ్ళు నల్లబడ్డాయి. అప్ప చూసి, తిడుతూనే కొబ్బరినూనె తెచ్చి రాసింది.

"జీడి కంపెనీలో పన్జేత్తన్నావు, సేతికి నూనె రాసుకోవాలని తెల్దేటి? పిక్కలు కొట్టినోల్ల సేతులు ఎప్పుడూ సూడనేదా?"

చూడలేదు. వీధిలో ఆ రోజు మిగిలిన అసలు చెత్త మేం తిని పడేసిన పేపరు ప్లేట్లూ నీళ్ళ సీసాలూను. వాటిని కూడా మా ఇద్దరిచేతే ఏరించింది.

సోమవారం చీటీలు రాస్తుంటే, పిక్కలు కొట్టే అక్కలు నా వేళ్ళు చూసి ఒకటే నవ్వు. నేను మొదటిసారి వాళ్ళ వేళ్ళు చూశాను. నావి పదిహేను రోజుల్లో మామూలయ్యాయి. వాళ్ళవి కాలేదు.

ఆ ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది. కొత్త టోపీ, కొత్త చీపురు, ఊరంతా కడిగేస్తానన్న నవ్వుతో అప్పటి నేను. వాణ్ణి చూస్తే ముందు ఒక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది. తర్వాత జాలేసి, ముందు కాస్త నూనె రాసుకోరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది.